సలహా చెప్పినవాళ్లు సుత్తె పట్టాలి

మెకానిక్ పని మానేసి ఇంటి పట్టున కూర్చున్నాక నాకు తెలిసొచ్చిన సంగతి ఒకటుంది. ఇప్పుడు నన్నెవరూ సలహా అడగరు. నాకెవరూ సలహా ఇవ్వరు కూడా. మొదటిదానికి కాస్త బాధపడతాను గానీ, రెండోది తలుచుకుంటే ప్రాణానికి హాయిగా ఉంటుంది. సూర్యాపేటలో ఖమ్మం పోయే రోడ్డు మీద కార్ల షెడ్డు నడిపినన్నాళ్లూ నా చేతులకంటే చెవులే ఎక్కువ అరిగాయి.

ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు ఎక్కడైనా కనిపిస్తే, మీ సర్వీసులో బాగా కష్టపెట్టిన బండి ఏదని అడుగుతుంటారు. ఇంజను మొత్తం ఊడదీసి పరిచిన కథేదో చెబుతానని వాళ్ల ఆశ. నేను చిటికెన వేలంత బోల్టు కథ మొదలుపెడతాను. సగంలోనే వాళ్ల చేతులు ఫోన్ల మీదికి పోతాయి. మీరైనా ఫోన్లు పక్కన పెట్టి వినండి. ఇందులో ఇంజను గురించి ఉన్నది తక్కువే. ఎక్కువగా ఉన్నది ఒక మామ, ఒక అల్లుడు, ఒక నైలాను తాడు.

ముందు నా షెడ్డు సంగతి చెప్పాలి. దాని ముందరే బస్సులు ఆగేవి. బస్టాపుకు రేకులు లేవు, నా షెడ్డుకు ఉన్నాయి. ఎండొచ్చినా వానొచ్చినా జనమంతా నా రేకుల కిందికే వచ్చేవారు. నిలబడితే నాకేం నష్టం లేదు. కానీ బస్సు కోసం ఎదురు చూస్తున్న మనిషికి ఎదురుగా బానెట్ ఎత్తిన కారు కనబడితే నోరు ఊరుకోదు. చేతిలో సంచి అలాగే పట్టుకుని మెడ చాపి, "అన్నా, గది కాదు, గా పక్కది సూడు" అంటాడు. హారన్ మోగడం లేదని వచ్చిన కారుకు టైర్లు మార్చమని చెప్పిన మహానుభావులు ఉన్నారు. వాళ్లలో చాలామందికి కారు లేదు. కొందరికి సైకిలు కూడా లేదు.

నేను అసలే కోపిష్టి మనిషిని. కొన్నేళ్లు ఓర్చుకుని చివరికి ఒక రేకు ముక్క మీద ఎర్ర రంగుతో "సలహా చెప్పినవాళ్లు సుత్తె పట్టాలి" అని రాయించి గోడకు బిగించాను. ఏదైనా చెప్పదలుచుకుంటే సంచి కింద పెట్టి, చొక్కా చేతులు మడిచి, ఆ పనిలో ఒక చెయ్యి వేసి మరీ చెప్పాలి. ఇస్త్రీ చొక్కాల వాళ్లు భయపడి దూరంగా ఉంటారని నా లెక్క. నాలుగు రోజులు నిజంగానే ఉన్నారు. తరువాత వాళ్లకు అదొక సరదా అయిపోయింది. బస్సు వచ్చినా ఎక్కకుండా, నా వంతు ఎప్పుడని అడిగేవాళ్లు తయారయ్యారు. తిట్టి పంపుదామంటే గోడ మీద రాయించింది నేనే.

షెడ్డులో ఒక మూల కార్లకు వైరింగు చేసే ఎలక్ట్రీషియన్ ఉండేవాడు. చెయ్యి మంచిది, మనసు మంచిది, నోరొక్కటే అపశకునం. ఏ బండి వచ్చినా చుట్టూ ఒకసారి తిరిగి, పెదవి విరిచి, "హెడ్డు ఇప్పాలె" అనేవాడు. హెడ్డంటే ఇంజను పై భాగం. దాన్ని విప్పడమంటే మనిషికి పెద్దాపరేషను చేసినట్టే. అద్దం తుడిచే వైపరు తిరగడం లేదని వచ్చిన ఒకాయనకు కూడా ఆ మాటే చెప్పాడు. ఆయన మళ్లీ మా వైపు రాలేదు.

ఆ రోజు పొద్దున్నే ఒక పాత తెల్ల కారు పొగలు కక్కుకుంటూ వచ్చి షెడ్డు ముందు ఆగింది. పొగ కాదు, ఆవిరి. అందులోంచి ముగ్గురు దిగారు. ముందు సీట్లోంచి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఒక అమ్మాయి. స్టీరింగు దగ్గర్నుంచి ఆమె భర్త, మోతె దగ్గర వ్యవసాయం చేసుకునే మనిషి, ముఖం మాడిపోయి ఉంది. వెనక సీట్లోంచి అమ్మాయి తండ్రి. తెల్ల చొక్కా, భుజాన తువ్వాలు. నేరేడుచర్ల మిల్లులకు వడ్లు కొనిపెట్టే వ్యాపారం ఆయనది. దిగీదిగగానే ఎవరూ అడక్కుండానే ఆయన అన్న మొదటి మాట ఇది.

"నేను ముందుగాలనే చెప్పిన."

ఆ మాట ఆయన ఆ రోజు ఎన్నిసార్లు అన్నాడో లెక్క పెట్టలేదు గానీ, సాయంత్రానికి మా ఎలక్ట్రీషియన్ కూడా నిద్రలో అలవాటుగా అనేటట్టు తయారయ్యాడు.

సంగతేమిటంటే, ఆయన పెద్ద కూతురు మిర్యాలగూడలో ఉంటుంది. ఆ రోజు రాత్రి అందరికీ అక్కడ భోజనాలు. పెద్దల్లుడికి కొత్త కారు ఉంది. షోరూములో పూలదండ వేయించి, కొబ్బరికాయ కొట్టి తెచ్చుకున్నది. ఈ చిన్నల్లుడు కోదాడలో ఒక బ్రోకరు దగ్గర సెకండ్ హ్యాండు బండి కొన్నాడు. కొనేముందు మామను అడగలేదు. అసలు నేరం అది. బండి పాతదైనందుకు కాదు ఆ పెద్దాయన కోపం, తన చేతికి శాంపిలు చూపించకుండా సరుకు కొన్నందుకు.

బానెట్ ఎత్తాను. రేడియేటరు నుంచి వచ్చే పై గొట్టం ఇంజనులోకి దిగే చోట ఒక చిన్న మూత ఉంటుంది. దాన్ని రెండు బోల్టులు పట్టుకుని ఉంటాయి. అందులో ఒక బోల్టుకు తల లేదు. నీళ్లన్నీ అక్కడినుంచే బయటికి పోయాయి.

"దీన్ని ఎవరు ముట్టుకున్నరు?" అని అడిగాను.

చిన్నల్లుడు గొంతు తగ్గించి చెప్పాడు. "పొద్దుగాల సుక్క సుక్క నీళ్లు కారుతుంటే నేనే బిగించిన మేస్త్రీ."

"దేంతోని?"

"పానాకు పైపు దొడిగి."

నాకు అర్థమైంది. వాళ్ల దిక్కు బోరు మోటరు దించేటప్పుడు పైపుల బోల్టులు అలాగే బిగిస్తారు. పానాకు ఇంత పొడుగు పైపు తొడిగి, ఇద్దరు మనుషులు దాని మీద వేలాడతారు. టక్కుమని శబ్దం వచ్చేదాకా వదలరు. ఆ శబ్దం వస్తే బోల్టు కూర్చున్నట్టు లెక్క.

"టక్కుమన్నదా?" అని అడిగాను.

"అన్నది. సెట్టయిందనుకున్న."

"సెట్టు గాలే బాబూ. తల తెగింది."

వెనకనుంచి మామ గొంతు వినిపించింది. "నేను ముందుగాలనే చెప్పిన."

రెండో బోల్టు విప్పి మూత తీసి చూశాను. విరిగిన ముక్క గోరంత పైకి కనిపిస్తోంది. మిగతాదంతా లోపల ఉంది. బోల్టు ఇనుముది, ఇంజను హెడ్డు అల్యూమినియంది. ఏళ్ల తరబడి నీళ్లు తగిలితే రెండూ ఒకదాన్నొకటి కరిచి పట్టుకుంటాయి. తొందరపడి తిప్పితే ఆ గోరంత ముక్క కూడా విరిగిపోతుంది. అప్పుడు నిజంగానే హెడ్డు విప్పి మిర్యాలగూడలో లేత్ మిషన్ దగ్గరికి పంపాలి. మిల్లుల పని ముందు చూసుకుని, మన పని వాళ్లకు గుర్తొచ్చినప్పుడు చేస్తారు. మా ఎలక్ట్రీషియన్ చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. ఏమన్నాడో మీకు చెప్పక్కర్లేదు. వాడి సర్వీసులో వాడి మాట నిజమయ్యే అవకాశం వచ్చింది అదొక్కసారే, అందుకు వాడి ముఖం కొంచెం వెలిగింది కూడా.

అప్పుడు మామ తీర్పు చెప్పాడు. "మేస్త్రీ, పొద్దుగూకెటాల్లకు ఈ బండి దాని కాళ్ల మీద అది నడిస్తే సరే. నడవకుంటె పెద్దల్లుణ్ని పిలుస్త. తాడు కట్టి మిర్యాలగూడకు గుంజుకపోతడు. రేపు ఆడికెల్లి అటే కోదాడకు పంపి, అమ్మినోనికే తిరిగిచ్చేస్తం."

పెద్దాయన రోడ్డు దాటి ఎదుటి దుకాణంలోకి పోయి, బావిలో మోటరు దించడానికి వాడే నీలం రంగు నైలాను తాడు కొనుక్కొచ్చాడు. దాన్ని ఒళ్లో పెట్టుకుని నా బెంచీ మీద కూర్చున్నాడు.

మీకు తోడల్లుళ్లు ఉంటే ఇందులోని బాధ నేను వివరించనక్కర్లేదు. లేకపోతే ఎంత వివరించినా అర్థం కాదు. తోడల్లుడి కొత్త కారు వెనక తాడుతో కట్టేసిన పాత కారులో, ఇంజను ఆగిపోయి, స్టీరింగు పట్టుకుని, బ్రేకు మీద కాలు పెట్టుకుని, మిర్యాలగూడ బజారు నడిమధ్య నుంచి పోవాలి. చుట్టాలంతా అరుగుల మీద నిలబడి చూస్తుంటారు. ఆ తరువాత వాళ్ల పక్కనే కూర్చుని భోంచేయాలి. ఏ కూర వేసుకున్నా తాడు గుర్తొస్తుంది.

పైగా ఆ పెద్దల్లుడు చాలా మంచివాడు. అదే అసలు చిక్కు. కాసేపటికొకసారి ఫోను చేసేవాడు. చిన్నల్లుడి ఫోను పాతది, అవతలి మాట షెడ్డంతా వినిపించేది.

"తమ్మీ, రానా మరి? నాకు పనేం లేదు. తాడు నా దగ్గర లేదు గాని కొనుక్కొస్త."

"వద్దన్నా, అయితున్నది."

"ఏం ఫికర్ చెయ్యకు తమ్మీ, మెల్లగ గుంజుకస్త. ఏసీ గిట్ల బందు జేసి."

వెక్కిరించి ఉంటే తిరిగి రెండు మాటలు అనొచ్చు. ఇంత ప్రేమగా పిలిస్తే మనిషి ఏం చేస్తాడు? ఫోను పెట్టేసిన ప్రతిసారీ అతను కారు చుట్టూ తిరిగొచ్చేవాడు.

నేను పని మొదలుపెట్టాను. ముందు గట్టి పటకారుతో ఆ ముక్కను పట్టి చూశాను. జారింది. మళ్లీ పట్టాను, మళ్లీ జారింది. గోరంత ఉన్నది గోరులో సగమైంది. పక్క వెల్డింగు షాపాయనను పిలిచాను. ఆయన పని చక్కగా చేస్తాడు, మాట ఒక్కటి మాట్లాడడు. మా షెడ్డుకు వచ్చేవాళ్లలో నేను గౌరవించింది ఆయన్నే. ముక్క మీద ఒక నట్టు పెట్టి అంటించాడు. చల్లారాక పానా పెట్టి తిప్పితే నట్టు ఊడి నా చేతిలోకి వచ్చింది. బోల్టు కదలలేదు. ఆయన నట్టును చూసి, నన్ను చూసి, టీకి పోయాడు.

"నేను ముందు..." అని బెంచీ మీదినుంచి వినపడింది.

"విన్నం పెద్దాయనా," అన్నాను.

పక్క హోటల్లో టీ తాగుతుంటే ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. తండ్రికి వినపడకుండా మెల్లగా మాట్లాడింది.

"మేస్త్రీ, బండిని ఎట్లనన్న నడిపియ్యి. బస్సెక్కితే నాకు కడుపుల తిప్పుతది. మోతె నుంచి నేరేడుచర్లకు పొయ్యేసరికి మనిషిని కాను. పెండ్లయినంక అమ్మను సూసుడే బందయింది. పండుగకు పోవుడు, వచ్చి రెండు దినాలు పండుకునుడు. అది సూడలేకనే మా ఆయన గీ బండి కొన్నడు. అద్దం దించి ముందర కూసుంటే నాకేం గాదు. ఇప్పుడు అమ్మ ఎప్పుడు యాదికొస్తె అప్పుడు పోతున్న."

"గిదంత మీ నాయినకు చెప్పినవా?"

"చెప్పిన. గంత కడుపుల తిప్పితె నిమ్మకాయ వాసన సూడమన్నడు."

నాకు ఆ పిల్ల మీద జాలేసింది. ఆ మొగుడి మీద కూడా. పైపు తొడిగి బోల్టు విరగ్గొట్టిన మనిషే గానీ, పెళ్లాం కడుపులో తిప్పకుండా ఉండాలని కారు కొన్నవాణ్ని నా సర్వీసులో అతన్నొక్కణ్నే చూశాను. ఆ బోల్టు తీయాలని నాకు అప్పుడు పట్టుదల వచ్చింది.

ఇలాంటి మొండి బోల్టుకు మందు ఓపిక ఒక్కటే. దాని చుట్టూ డీజిలు పోస్తూ ఉండాలి, పైనుంచి మెల్లగా తట్టుతూ ఉండాలి. తలుపు తట్టినట్టు, అంతకంటే గట్టిగా కాదు. తట్టినకొద్దీ తుప్పు సందుల్లోకి నూనె దిగుతుంది. గంటలు గంటలు తట్టాలి. నా చెయ్యి అప్పటికే లాగుతోంది, ఎలక్ట్రీషియన్ని తట్టమంటే హెడ్డు ఇప్పాలంటాడు. సరిగ్గా ఆ సమయానికి బస్సు ఒకటి ఆలస్యమై రేకుల కిందికి జనం చేరారు.

జీవితంలో మొదటిసారి నాకు వాళ్లను చూస్తే సంతోషం కలిగింది.

ముందు కోదాడ నుంచి వచ్చిన ఒకాయన మెడ చాపాడు. "అలా కాదండీ, కొంచెం వేడి చేస్తే వదిలేస్తుందండీ." బోర్డు చూపించాను. ఆయన వాచీ తీసి జేబులో పెట్టుకుని, సుత్తె పట్టుకుని చాలా మర్యాదగా తట్టాడు, ప్రతి దెబ్బకూ ఆ బోల్టుతో అండీ అన్నంత నెమ్మదిగా. తరువాత తండా నుంచి కూరగాయల గంప తెచ్చిన ఒక పెద్దమ్మ వచ్చింది. "డబ్బా మూత రాకుంటె మేము ఉడుకు నీళ్లు పోస్తం బిడ్డా" అంది. సుత్తె ఇస్తే, లంబాడీలో ఏదో కూనిరాగం తీసుకుంటూ ఆ పాటకు తాళం వేసినట్టు తట్టింది. ఆమె దెబ్బలే అన్నింటికంటే సమంగా పడ్డాయి. ఆమెను పోనివ్వడం ఇష్టం లేక హోటలు నుంచి టీ తెప్పించి ఇంకో పాట పాడించుకున్నాం. ఒక బస్సు కండక్టరు బస్సాపి దిగి వచ్చి, చింతపండు పూయమని చెప్పి, నాలుగు దెబ్బలు వేసి, విజిలు ఊది వెళ్లిపోయాడు. బస్సులోని ఇద్దరు ప్రయాణికులు కూడా కిటికీలోంచి సలహాలు అరిచారు. వాళ్లు సుత్తె పట్టకుండానే తప్పించుకున్నారు, ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది.

మధ్యాహ్నమంతా ఇలాగే గడిచింది. కొబ్బరినూనె రాయమన్నవాళ్లు, కొత్త ఇంజను వేయమన్నవాళ్లు, కారుకు దిష్టి తగిలిందన్నవాళ్లు, అందరూ తట్టారు. దిష్టి అన్నాయన మిరపకాయలు కూడా తిప్పి పోశాడు. నేను డీజిలు పోస్తూ కూర్చున్నాను. చిన్నల్లుడు ప్రతి మనిషికీ దండం పెట్టి సుత్తె అందించాడు. ఊరంతా కలిసి వాళ్లింటి పని చేస్తున్నట్టు ఉంది అతని వాలకం.

బెంచీ మీది పెద్దాయన ఒక్కడే లేవలేదు. ఎందుకంటే ఆయన సలహా ఇవ్వడం లేదు. "ముందుగాలనే చెప్పిన" అనేది సలహా కిందికి రాదు. జరిగిపోయినదాని గురించి సుత్తె పట్టమని ఎవరినైనా ఎలా అడుగుతాం? ఒక్కసారి మాత్రం దగ్గరికి వచ్చి, వడ్ల గింజను చూసినట్టు బోల్టును వంగి చూసి, "తేమెక్కువున్నది" అని మళ్లీ వెళ్లి కూర్చున్నాడు. తాడు ఒళ్లోనే ఉంది.

పొద్దు వాలుతుండగా మళ్లీ ఫోను మోగింది. "తమ్మీ, బయిలెల్లుతున్న. మొగమాటపడకు." ఈసారి చిన్నల్లుడు వద్దనలేదు. ఫోను మామ తీసుకుని, "జరసేపు ఆగి బయిలెల్లు" అన్నాడు. ఆ అమ్మాయి కారు ముందు సీట్లో కూర్చుని ఉంది. ఎక్కడికీ పోని కారులో అద్దం దించుకుని కూర్చుంది.

వెల్డింగు షాపాయన మళ్లీ వచ్చాడు. ఈసారి పెద్ద నట్టు పెట్టి, నిండా అంటించి, ఎప్పటిలాగే మాట లేకుండా తప్పుకున్నాడు. ఆ వేడి లోపలికి దిగేదాకా ఆగాను. పానా పెట్టాను. బస్సు జనం, హోటలు జనం, అందరూ చుట్టూ చేరారు. చేతి మీద బరువు కొంచెం వేశాను.

కదిలింది.

ఎవరికీ తెలియనంత కదిలింది. నా అరచేతికి మాత్రమే తెలిసింది. ఈ పని చేసినవాళ్లకు ఆ కదలిక ఎలా ఉంటుందో తెలుసు. పళ్లు బిగించుకున్న మనిషి ఇక చాల్లే అని ఊపిరి వదిలినట్టు ఉంటుంది. ఇంకో తిప్పు తిప్పితే వచ్చేస్తుంది.

నేను తిప్పలేదు. పానా అలాగే వదిలేసి చెయ్యి తీసేశాను.

ఎందుకంటే బెంచీ వైపు చూశాను. ఆ పెద్దాయన తువ్వాలు సర్దుకుని, తరువాతి మాట గొంతులో సిద్ధంగా పెట్టుకుని ఉన్నాడు. బోల్టు నేను తీస్తే ఏమవుతుంది? ఈ రోజు గండం గడుస్తుంది. రేపు ఇంకో చుక్క కారుతుంది, ఎల్లుండి ఒక టైరు దిగుతుంది. ప్రతిసారీ ఆయన ముందుగానే చెప్పి ఉంటాడు. ఏదో ఒక రోజు బండి కోదాడకు పోతుంది, ఆ పిల్ల బస్సులో నిమ్మకాయ వాసన చూసుకుంటూ కూర్చుంటుంది. బోల్టు రావడం ఒక్కటే చాలదు. అది ఆయన చేతికి రావాలి.

"ఇగ నాతోని కాదు," అన్నాను గట్టిగా. "పెద్దాయనా, పొద్దుగాలటి సంది అందరు చెప్పిన్రు. మీరొక్కరే చెప్పలే. ఏమన్న ఉంటె ఒక మాట చెప్పున్రి."

జీవితంలో ఎవరూ అడక్కుండానే మాట్లాడిన మనిషిని మొదటిసారి ఒకరు అడిగారు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"నాకేం తెలుస్తది మేస్త్రీ. మాకు తెలిసింది వడ్లు. కళ్లంల వడ్లు ఆరబోస్తం. ఒక్క దిక్కే నెరిపితె ఆరయి. అటింత, ఇటింత కాలుతోని తిప్పాలె. నువ్వేమొ పొద్దుగాలటి సంది ఒక్క దిక్కే గుంజుతున్నవ్."

నిజం చెప్పాలంటే అది మంచి మాటే. మొండి బోల్టును అటూ ఇటూ కదిలిస్తూనే తీయాలి. అది నాకు ఆయన వడ్లు కొనడం మొదలుపెట్టకముందే తెలుసు. కానీ నోరు మూసుకుని గోడ మీది బోర్డు చూపించాను.

ఆయన బోర్డు చదివాడు. కూతురి వైపు చూశాడు. తాడు తీసి బెంచీ మీద పెట్టాడు. తువ్వాలు నడుముకు బిగించి వచ్చి పానా పట్టుకున్నాడు. అటింత తిప్పాడు, ఇటింత తిప్పాడు. కళ్లు మూసుకుని ఇంకో తిప్పు తిప్పాడు. బోల్టు సన్నగా కీచుమంటూ తిరిగి, నట్టుతో సహా పైకి వచ్చేసింది.

అందరూ ఒకేసారి మాట్లాడారు. తన దెబ్బకే వదులైందని కోదాడ ఆయన. తన పాటకని తండా పెద్దమ్మ. మిరపకాయలకని దిష్టి ఆయన. బోల్టు మాత్రం పెద్దాయన అరచేతిలో ఉంది. అప్పుడే పుట్టిన మనవణ్ని ఎత్తుకున్నట్టు దాన్ని పట్టుకున్నాడు.

ఫోను మోగింది. ఈసారి ఆయనే ఎత్తాడు. "తాడొద్దు గీడొద్దు. ఇంట్లనే ఉండు. బోల్టు నేనే తీసిన... ఆ, నేనే. మేస్త్రీతోని కాలే."

కొత్త బోల్టు వేసి, మూతకు కొత్త గ్యాస్కెట్టు పెట్టి, నీళ్లు నింపి స్టార్టు చేశాను. ఒక్క చుక్క కారలేదు. "హెడ్డు ఇప్పేది తప్పింది," అన్నాడు ఎలక్ట్రీషియన్, దిగులుగా. చిన్నల్లుడు నా రెండు చేతులూ పట్టుకున్నాడు, కళ్లు తుడుచుకుని స్టీరింగు దగ్గరికి వెళ్లాడు. ఆ అమ్మాయి మాత్రం ముందు సీట్లోంచి మెడ బయటికి చాపి అంతా చూస్తూనే ఉంది. బండి కదిలేటప్పుడు నా వైపు తిరిగి, "బోల్టు కదలంగనే చెయ్యెందుకు తీసినవ్ మేస్త్రీ?" అని మెల్లగా అడిగి, నేనేం చెప్పకముందే నవ్వింది. ఆ బెంచీ మీది తాడు మరిచిపోయారని పరిగెత్తి వెళ్లి డిక్కీలో పడేశాను.

ఆ తరువాత ఆ పెద్దాయన మారిపోయాడు. ఆ విరిగిన ముక్కను రుమాల్లో కట్టి చొక్కా జేబులో పెట్టుకుని తిరిగేవాడట. నేరేడుచర్ల మిల్లుల్లో వడ్ల బేరం మధ్యలో ఆపి అందరికీ చూపించేవాడట. చిన్నల్లుడి బండిని ఎవరైనా పాతదంటే కస్సుమనేవాడు. "దాని ఇంజను నా చేతి మీద బాగయింది" అనేవాడు. సూర్యాపేటకు వచ్చినప్పుడల్లా మా బెంచీ మీద కూర్చునేవాడు. అడక్కుండానే చెప్పేవాడు, చెప్పకుండానే సుత్తె పట్టేవాడు. నేను పెట్టిన నియమం నా మెడకే చుట్టుకుంది.

కొన్ని నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం షెడ్డు ముందుకు ఆ పాత తెల్ల కారు వచ్చింది. మెల్లగా, చాలా మెల్లగా వచ్చింది. స్టీరింగు దగ్గర చిన్నల్లుడు. ముందు సీట్లో ఆ అమ్మాయి అద్దం దించుకుని కూర్చుని ఉంది. కారు వెనక నీలం రంగు నైలాను తాడు ఉంది. తాడు రెండో చివరన ధగధగలాడే కొత్త కారు ఉంది. అందులో స్టీరింగు పట్టుకుని, పొడుగ్గా వేలాడే ముఖంతో పెద్దల్లుడు.

దిగి వచ్చి తనే చెప్పాడు. అప్పుడు కూడా ఎవరినీ నొప్పించలేదు. "మామ తప్పేం లేదన్నా. కారు కింద నీళ్ల సుక్కలు కనవడ్డయి. అవి ఏసీ నీళ్లు, నేను చెప్పేలోపట్నే మామ పానాకు పైపు దొడిగిండు."

"టక్కుమన్నదా?" అని అడిగాను.

"అన్నదట. సెట్టయిందనుకున్నడట."

ఎలక్ట్రీషియన్ కొత్త కారు చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. చిన్నల్లుడు ఒక్క మాట అనలేదు. అప్పుడు మామ పొద్దున్నుంచీ సాయంత్రం దాకా అన్న ఆ మూడు ముక్కలూ అనడానికి అంతకంటే మంచి సమయం రాదు. అయినా అనలేదు. వంగి తాడు ముడి విప్పి, దుమ్ము దులిపి, చుట్టగా చుట్టి తన డిక్కీలో పెట్టుకున్నాడు. నాకు అతనంటే చాలా గౌరవం కలిగింది.

తెల్ల కారు వెనక సీట్లోంచి పెద్దాయన దిగాడు. చేతులు వెనక్కి కట్టుకుని వచ్చి బోర్డు కింద నిలబడ్డాడు. రేకుల కింద బస్సు జనమంతా ఆయన వైపే చూస్తున్నారు.

"చెప్పున్రి పెద్దాయనా," అన్నాను. "ఏమన్న సలహా ఉన్నదా?"

ఆయన పెద్దల్లుణ్ని చూశాడు. చిన్నల్లుణ్ని చూశాడు. తువ్వాలుతో ముఖం తుడుచుకుని, నాకొక్కడికే వినపడేటట్టు అన్నాడు.

"నన్ను గా బెంచీ మీద కూసోబెట్టు మేస్త్రీ. లెవ్వనియ్యకు."

నా మొత్తం సర్వీసులో విన్న సలహాల్లో పనికొచ్చింది అదొక్కటే. అయినా గోడ మీద రాసింది రాసిందే. సుత్తె తీసి ఆయన చేతిలో పెట్టాను.